ముంగారు విత్తుల వేళ అనంతపురము సీమ

వైశాఖమాసపు చివరి దినములలో అనంతపురము సీమకు పోవుచున్నానని చెప్పగా మా యింటివారందఱు నవ్విరి. ఎండలకు తాళలేనివారు కొండలకు పోదురు గాని కుంపటివైపు పోవుదురా యని వారి ప్రశ్న. నా చిన్ననాటి స్నేహితురాలు కళ్యాణదుర్గమునకు కొంతదూరమున నొక చిన్నపల్లెలో కాపురమున్నది. ఆమె పదేండ్లనుండి నన్ను పిలుచుచునే యున్నది. "పండుగలకు వద్దు, విత్తుల కాలంలో రా. అప్పుడే మా సీమ నీకు తెలుస్తుంది" అని ఆమె మాట. ఆ మాట పట్టుకొని యీసారి పోయి యించుమించు మూడు వారము లుండి వచ్చితిని.

నేను కృష్ణా డెల్టాలో పుట్టినదానను. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండి మావారికి వ్యవసాయ మనగా కాలువ. జ్యేష్ఠము రాగానే "కాలువ లెప్పుడు వదలుదురు?" అని యొకరి నొకరు అడుగుకొందురు, ఆకాశమువైపు చూచుట రెండవ పని. ఈ సీమలో ఆ ప్రశ్న వినబడదు. ఉదయము లేచినది మొదలు రాత్రి పండుకొనువఱకు వినబడు మాట వేఱొకటి: "పదునైందా?"

నాకు కత్తిపదును తెలియును గాని యీ పదును తెలియదు. వాన కురిసిన పిదప నేల బురదగాను గాక, పొడిగాను గాక, మట్టిని గుప్పిట పట్టిన ముద్దగట్టి, వ్రేలితో తాకిన విడిపోవునట్టి తేమతో నుండుటయే పదును. ఆ స్థితిలో వేసిన గింజ చక్కగా మొలచును. ఈ సీమ యెఱ్ఱనేలలు పలుచనివి. నీటిని చాలకాలము పట్టి యుంచలేవు. పైగా పడమటిగాలి. ఒక మంచివాన యిచ్చిన పదును రెండు మూడు దినములకంటె నిలువదు. ఆ లోపల విత్తనము భూమిలో పడవలెను. లేనిచో మరల మేఘమువైపు చూచుచు కూర్చుండవలెను.

అనంతపురమున రైలు దిగి బస్సులో పోవుచుండగా దారికి రెండు ప్రక్కల దున్ని యుంచిన యెఱ్ఱచేలు, వాని వెనుక గుండ్రాళ్ళు పేర్చినట్లున్న బోడిగుట్టలు, అక్కడక్కడ వేపచెట్లు, చింతలు, కానుగులు. చెఱువులు చాలవఱకు ఎండి, వాని గర్భములలో తుమ్మలు మొలచి యున్నవి. పచ్చదనము బోరుబావులున్న చోట్ల మాత్రమే: ఒక చీనీతోట, ఒక అరటితోట, అది దాటగానే మరల ఎఱ్ఱమన్ను. బత్తాయిని ఇచ్చట చీనీకాయ యందురు. శ్రీశైలము జలాశయమునుండి కృష్ణనీటిని ఎత్తి తెచ్చు హంద్రీ-నీవా కాలువ కొన్ని మండలములకు ఆశ కలిగించినది. తుంగభద్ర ఎగువకాలువ క్రింద కొంత భూమి తడియును. ఆ రెండును ఎఱుగని పల్లెలే యెక్కువ. మా స్నేహితురాలి పల్లె అట్టిది.

2022 ఏప్రిలులో పాత జిల్లాను విభజించి, పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లాను వేఱు చేసిరి. వాన మాత్రము రెండు జిల్లాలకు నొక్కతీరుగనే యున్నది. నైరృతి ఋతుపవనము అరేబియా సముద్రమునుండి మోసికొని వచ్చిన నీటిలో నధికభాగమును పడమటి కనుమల మీదనే దింపివేసి, కనుమలు దాటి వచ్చునప్పటికి గాలి మాత్రమే మిగుల్చుకొనును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున కురిసి, ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. రెండిళ్ళ చుట్టము తిండిలేక పోయినట్లైనది ఈ సీమ గతి. ఏటికి సగటున వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతము. రాజస్థానములోని జైసల్మేరు తరువాత ఇంత తక్కువ వాన ఇచ్చటనే యని ఇచ్చటివారు ఒకవిధమైన గర్వముతో చెప్పుకొందురు. కాని రైతునకు ముఖ్యమైనది మొత్తము కాదు, వానకును వానకును నడుమ ఎడము. లెక్కకు సరిపడ కురిసిన సంవత్సరమునను, పూత వేళ నెలదినములు చినుకు లేకున్న పంట పోయినట్లే. ఇట్టి సీమలోనే 2021 నవంబరులో చిత్రావతి పొంగి జనులను నడుమ చిక్కించుకొన్నది.

నేను చేరిన నాడు రోహిణీకార్తె. రోళ్ళు పగులు ఎండ యని మన పెద్దలు చెప్పుదురే, అది ఇది. మధ్యాహ్నము వేళ వీధిలో కుక్కయైనను తిరుగదు. సాయంకాలము పడమట దుమ్ములేచి, దూరమున మెఱుపులు మెఱసి, పదిచినుకులు రాలి, మట్టివాసన మాత్రము మిగిల్చి పోవును. దూరపు గుట్టల వరుసమీద గాలిమరలు తెల్లగా నిలువబడి తిరుగుచుండును. ఏ గాలి చేలలోని తడిని ఆర్పివేయునో ఆ గాలిచేతనే విద్యుత్తు పుట్టించుచున్నారు. ఆ మరలు వేగముగా తిరుగునప్పుడెల్ల ఆ యింటి ముసలమ్మ విసుగుకొనుట చూచితిని.

ఆమె స్నేహితురాలి అత్తగారు. డెబ్బది దాటిన మనిషి. ఊరంతయు ఆమెను అవ్వ యనియే పిలుచును, నేనును అట్లే పిలిచితిని. నన్నామె పాపా యనును. నా తల నెరసినదని చెప్పినను మానలేదు.

ఆ యింటి పంట వేరుశనగ. దానిని ఈ వైపున బుడ్డలందురు. దక్షిణ అమెరికాలో పుట్టిన యీ కాయ గత శతాబ్దపు ఉత్తరార్ధమున కొఱ్ఱ, జొన్న, సజ్జ, ఆరికలను ప్రక్కకు నెట్టి సీమనంతయు ఆక్రమించుకొన్నది. ఒక దశలో పాత జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో దీనినే వేసిరి. ఏల వేయరు? గింజకు నూనెమిల్లు కలదు, చేతికి రొక్కము వచ్చును, కాయ కోసిన పిదప మిగులు కట్టె పశువులకు మంచి మేత. ఇటీవల నష్టములకు తాళలేక కంది, ఆముదము, ప్రత్తి వైపు తిరిగినవారును, పండ్లతోటలు పెట్టినవారును చాలమంది కలరు. అయినను బుడ్డలమీది మమకారము పోలేదు.

ఈ పంటకున్న చిక్కు విత్తనము బరువు. కొఱ్ఱ విత్తుటకు ఎకరమునకు రెండు కిలోలు చాలును. వేరుశనగకు ఇంచుమించు 60 కిలోల పప్పు కావలెను. కాయలుగా నైన 30 కిలోల సంచులు మూడు. కొఱ్ఱ మొలవకపోయిన గుప్పెడు గింజలు పోయినవని మరల చల్లుకొనవచ్చును. బుడ్డలు మొలవకపోయిన ఇల్లు కదలును. అందుకే విత్తనపు కాయలను రాయితీపై ప్రభుత్వమువారు ఇత్తురు. అవి చాలనివారు వెలపెట్టి కొందురు. కదిరి పరిశోధనా స్థానమువారు పుట్టించి 2005లో విడుదల చేసిన కదిరి-6 యను రకము ఈ యింట చాల యేండ్లు వేసిరి. ఈ యేడు కదిరి లేపాక్షి రకమును కొంత తెచ్చిరి. స్నేహితురాలి మెడలో పసుపుతాడు మాత్రమే యుండుట చూచి నే నేమియు అడుగలేదు. ఆమెయే నవ్వి "గొలుసు బ్యాంకులో ఉంది. కార్తీకానికి ఇంటికొస్తుంది" అన్నది.

ఇక నేను చెప్పదలచిన సంగతి యిది. పదును చూచి విత్తుట మగవారి నిర్ణయమని నే ననుకొనియుంటిని. కాని ఆ నిర్ణయమునకు ముందు మఱియొకటి కలదు. కాయలను ఒలిచి గింజ చేయవలెను గదా! కాయగా నున్నంతకాలము పైపొట్టు గింజను కాపాడును. ఒలిచిన పిమ్మట మొలకశక్తి తగ్గుచు వచ్చును, పురుగు పట్టును. కనుక ముందుగా ఒలిచి యుంచుకొనరాదు. వాన కురిసిన పిదప ఒలుచుకొందమన్న, ఆ యింటికి ఆరెకరములకు 360 కిలోల పప్పు కావలెను. నేను చూచినంతలో ఎంత చేయితిరిగిన స్త్రీయైనను దినమునకు పది కిలోలకు మించి ఒలువలేదు. పదిమంది కూర్చున్నను మూడు దినములు దాటును. అప్పటికి పదును ఆరిపోవును. ఒలుచు యంత్రములు లేకపోలేదు గాని అందులో పడిన గింజ పైతోలు గీచుకొనిపోవును, కొంత బద్దలగును. నూనెకు సరే, విత్తనమునకు పనికిరాదని ఈ యింటివారు చేతి ఒలుపునే నమ్ముదురు.

అందుచేత వాన రాకముందే, వచ్చునని యెంచి, ఇన్ని సంచులు విప్పవలెనని ఎవరో ఒకరు చెప్పవలెను. ఆ యింట చెప్పునది అవ్వ. తప్పు లెక్క వేసినచో ఒలిచిన గింజ చెడును, లేదా ఒలువని గింజ పదునును తప్పించుకొనును. "ఒలిస్తే పురుగు, ఒలవకుంటే పదును పోతాది. ఏం చెయ్యమంటావు పాపా?" అని ఆమె నన్నడిగినప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఆమెకు వేఱొక ధైర్యము కూడ కలదు. వంటింటి మూల అటుకుమీద బూడిదయు వేపాకును కలిపి మూతికట్టిన కుండలు ఐదారు కలవు. ఒకదానిలో కొఱ్ఱలు, ఒకదానిలో సజ్జలు, ఒకదానిలో అలసందలు, అనుములు, ఇంకొకదానిలో గోగువిత్తులు. ఇవి కొనవలసినవి కావు. 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాత కఱవు మాట ఈ సీమలో నేటికిని పోలేదు. అవ్వ తన యవ్వవద్ద విన్నదట, ఆ కఱవులో విత్తనపు కుండ విప్పి తిన్న యిల్లు మరల లేవలేదని. ఆమె కుండలను చూపుచు చెప్పినప్పుడు, మా ఊరిలో విత్తనముల సంచి యెచ్చట నుండునో కూడ ఎఱుగని నాకు సిగ్గైనది.

పశువుల సంగతి కొంత చెప్పవలెను. ఇంటిలో జత యెద్దులు, ఒక గేదె, రెండావులు, పదునెనిమిది గొఱ్ఱెలు. ఎద్దులు కర్ణాటకమువైపు హళ్ళికారు జాతివి. బూడిదరంగు, వెనుకకు వంగిన పొడుగు కొమ్ములు, చుఱుకైన నడక. వేసవిదుక్కి ట్రాక్టరుతో చేయింతురు గాని విత్తుటకు ఇంకను ఎద్దులగొఱ్ఱునే వాడుచున్నారు. ఊరిలో ఇట్టి జతలు పదికి మించి లేవు. జతను మేపుటకంటె ట్రాక్టరు బాడుగ చౌకయని అందఱును లెక్క చెప్పిరి. ఆ లెక్క తప్పుకాదు. కాని పదునున్న రెండు దినములలో ఊరంతటికి ట్రాక్టరు కావలసి వచ్చును, అప్పుడు వంతు కొఱకు కూర్చున్నవాని పదును ఆరును. సొంత యెద్దులున్నవాడు ఆ తెల్లవాఱునే కాడి కట్టును.

వేసవిలో వాని మేత క్రిందటి యేటి వేరుశనగ కట్టె. పెరటిలోని వామి నేను పోవునప్పటికి నడుమెత్తుండెను. నేను వచ్చునప్పటికి మోకాలెత్తైనది. దినమును మోపు మోపుగా తీయుచు స్నేహితురాలు కంటితోనే కొలుచుకొనుచుండెను. లేపాక్షిలో రాతి బసవన్నను చూచి అందఱును ఆ కండపుష్టికి మురియుదురు. ఆయనకు మేత అక్కఱలేదు గదా!

గొఱ్ఱెలమంద కట్టుట ఇచ్చటి మంచి యాచారము. విత్తులకు ముందు గొల్లలు, కురుబలు తమ మందలను రైతుల చేలలో రాత్రులు నిలుపుదురు. మంద నిలిచిన చేనికి ఎరువు చేరును. మందవారికి రైతు డబ్బో ధాన్యమో యిచ్చును. ఒక రాత్రి మేమును చేనికి పోయి చూచితిమి. నల్లని కంబళి కప్పుకొన్న కాపరి, రెండు కుక్కలు, వెన్నెలలో నాలుగువందల గొఱ్ఱెలు. మఱునాటి రాత్రికి మందను పదిబారలు జరుపుదురు, అట్లు చేనంతయు తిరిగివచ్చును. కాపరి భార్య అచ్చటనే మూడు రాళ్ళపై సంగటి కెలుకుచుండెను. మాకు రాగిసంగటియు ఊరుబిండియు పెట్టినది. వేయించిన బుడ్డలను పచ్చిమిరపతో నూరిన ఆ పచ్చడి రుచి నేను మఱవలేదు. దాని కారమును నా నాలుక మఱవలేదు.

చేని కొక మూల అరయెకరము మాత్రము, అంతటి యెండలోను, పచ్చగా నుండెను. వానకు ముందే పొడినేలలో నవధాన్యములు చల్లు పద్ధతి యిటీవల ప్రకృతివ్యవసాయమువారు వ్యాపింపజేసినది. సజ్జ, జొన్న, అలసంద, ఉలవ, నువ్వు, ఆముదము మొదలగు పలురకముల గింజలకు మట్టియు పేడయు బూడిదయు పూసి, ఆరబెట్టి, చైత్రవైశాఖములలో చల్లి, పైన కంప, కసవు కప్పుదురు. వేసవిలో పడు చిన్న జల్లులకే అవి మొలచి నేలకు నీడనిచ్చును. కోసి పశువులకు వేయవచ్చును. అవ్వకు మొదట నమ్మకము లేదట. ఇప్పుడు గేదె పాలు దింపినదని ఒప్పుకొన్నది గాని పద్ధతిని మాత్రము పొగడదు.

మృగశిర ప్రవేశించిన రెండవనాటి రాత్రి వాన వచ్చినది. పడమటినుండి కాక ఆగ్నేయమునుండి మబ్బుపట్టి, రెండు గంటలు ఎడతెగక కురిసినది. ఇంటిల్లిపాదియు వసారాలో కూర్చుండి మాటలాడక వినుచుంటిమి. తెల్లవాఱకముందే అవ్వ పారతీసికొని చేనికి పోయినది; నేను వెనుక పోయితిని. రెండుచోట్ల త్రవ్వి, జేన పెట్టి చూచి, మట్టి పిడికిట పట్టి విడిచినది. జేనెడు తడిసినది. ఊరిలో సందడి మొదలైనది. వజ్రకరూరు వైపున ఇట్టి తొలివానకు జనులు చేలలో వజ్రములు వెదకుటకు వత్తురట. మా చుట్టును వెదకునది తేమను మాత్రమే.

ఇంటిలో వాదమును మొదలైనది. స్నేహితురాలి భర్త ఆరెకరములును విత్తుద మనెను. వానలు ముందుగా పట్టినవి, చుట్టుప్రక్కలవారందఱు విత్తుచున్నారు, ఆలస్యమైన పంట చివర చలిగాలికి చిక్కునని అతని వాదము. అవ్వ ఒప్పలేదు. మృగశిరలో విత్తిన బుడ్డకు నెలదినములకు పూత, ఆపైన ఊడలు దిగుట. అది సరిగా పునర్వసు, పుష్యమి గాలిరోజులు. నేల గట్టిపడిన ఊడ భూమిలోనికి దిగలేదు, దిగినను కాయ ఊరదు. "ఈ తేమకి గింజ మొలుస్తాది. మొలిచింది నిలుస్తాదా? ఎద్దుకి ఒక కొమ్ము తడిసి ఒక కొమ్ము తడవని వానరా ఇది" అన్నది. ఇద్దఱి మాటయు నాకు నిజమే యనిపించినది. కోడలు ఎవరి పక్షమును వహింపక, "ఎన్ని సంచులు విప్పాలో చెప్పండి, మనుషుల్ని పిలవాలి" అని గుమ్మమున నిలిచి యుండెను. వాదము తీర్చినది ఆ ప్రశ్నయే. రెండెకరములకు ఆరు సంచులు విప్పిరి.

ఆ పగలు పండ్రెండుమంది స్త్రీలు వసారాలో కూర్చుండి ఒలిచిరి. నేనును కూర్చుంటిని, నా బొటనవ్రేలు సాయంకాలమునకు బొబ్బ లెక్కినది, నా గంప చూచి పిల్లలు నవ్విరి. మఱునాడు తెల్లవాఱుజామున ఎద్దులను కట్టిరి. సాలు వెంబడి ఒడినిండ గింజ కట్టుకొని నడచుచు జేనకొకటిగా గింజ జాఱవిడుచుట స్త్రీల పని. సజ్జకు, కందికి గొఱ్ఱుపైనున్న జడ్డిగములో పిడికిటినుండి గింజ వదలుదురు. చేయి ఒకసారి బిగిసిన ఆ సాలు బోసిపోవును. మొలకెత్తిన పిదప చేనును చూచి ఎవరు ఏ సాలు వేసిరో చెప్పగలరట. స్నేహితురాలు జడ్డిగమువద్ద నడచుచుండగా చూచి, కాలేజీలో ఈమెకు నడకపోటీలో బహుమాన మెన్నడును రాలేదే యనుకొంటిని.

రెండు దినములకు ఏరువాక పున్నమి. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, ఓళిగలు పెట్టిరి. ఊరి మొగదల గోగునార తోరణము కట్టి, చెర్నాకోలలతో కొట్టి తెంచి, ఆ నారపోగులు తలకొకటి యింటికి తీసికొనిపోయిరి. కన్నడసీమను ఆనుకొన్న ఊళ్ళలో ఎద్దులను పరుగుపెట్టించి, ముందు వచ్చిన యెద్దు రంగును బట్టి ఆ యేడు తెల్లధాన్యము పండునో ఎఱ్ఱధాన్యము పండునో చూతురని చెప్పిరి. మా ఊరిలో ఆ పరుగు లేదు. అవ్వ మాత్రము ఎద్దులకు హారతి ఇచ్చుచు వాని కొమ్ములను వెనుదిరిగి మఱియొకసారి చూచినది.

నేను బయలుదేరిన నాటికి బుడ్డలు రెండాకులు వేసినవి. ఆకాశము నీలముగా నుండెను. గాలిమరలు వేగముగా తిరుగుచుండెను.

పునర్వసుకార్తె రెండవ వారమున ఫోను చేసితిని. విత్తిన రెండెకరములు బ్రతికియున్నవి. పగలు ఆకు వాల్చి సాయంకాలము లేచుచున్నవట. సజ్జకు భయము లేదు. ఆరెకరములును విత్తిన ప్రక్కయింటివారు బెంగుళూరు పనులకు ఇద్దఱు కొడుకులను పంపిరి. రెండుమైళ్ళ దూరములోని ఊరిలో మొన్న మంచివాన పడినదట, వీరి పొలిమేరకు రాలేదు. తక్కిన నాలుగెకరముల కాయలు, పండ్రెండు సంచులు, ఇంటిలోనే యున్నవి. ఆ సాయంకాలము ఆగ్నేయమున మెఱుపులు కనబడుచున్నవని స్నేహితురాలు చెప్పి ఫోనును అత్తగారికి ఇచ్చినది.

"ఒలవడానికి మనుషుల్ని పిలుస్తావా అవ్వా?" అని అడిగితిని.

"ఉండు పాపా, ఇంకా చీకటి పడనీ. చూస్తా" అన్నది.